నికాన్ ఎఫ్2, 250 ఫ్రేముల బ్యాక్: నాలుగో లోడూ చిరిగింది

మళ్లీ ఫిల్ముకు అదే చిరుగు! కెమెరా వెనక తగిలించే ఎంఎఫ్-1 బ్యాక్, రెండు ఎంజడ్-1 క్యాసెట్లు (ఫిల్ము ఇచ్చేది సప్లై, చుట్టుకునేది టేకప్), ఫిల్మును జరిపే ఎండీ-2 మోటారు. 181వ ఫ్రేము దగ్గర మోటారు శబ్దం బరువెక్కింది, ఆపేలోపే ఫిల్ము అంచుల చిల్లులు కోసుకుపోయాయి.

మొదటి అనుమానం ఫిల్ము మీదే. మూడు లోడ్లు కొడాక్ డబుల్-ఎక్స్ 5222. సినిమా నెగటివ్ కాబట్టి చిల్లుల దూరం 4.74 మి.మీ., స్టిల్ ఫిల్ముకు 4.75. పైగా ఆ చిల్లుకు మూలలు పదును, చిరుగు అక్కడే మొదలవుతుంది. అందుకే నాలుగోది ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 (నా ఓటు ఎప్పుడూ దానికే). అదీ చిరిగింది.

ఆధారం పొడవులో దొరికింది. 30.5 మీటర్ల బల్క్ రోలును (లోడ్లకు కోసుకునే పెద్ద చుట్ట) మూడు చేస్తే 10.16 మీటర్లు. అలా కోసిన రెండు లోడ్లూ 190, 193 దగ్గర ఆగాయి. 9.8కి తగ్గించినవి 183, 181 దగ్గర. ఫ్రేముకు 38 మి.మీ., లీడరు (మొదటి ఫ్రేముకు ముందుండే కొస) 30 సెం.మీ. తీసేసి లెక్కిస్తే నాలుగుసార్లూ సప్లై క్యాసెట్లో మిగిలింది 2.5 నుంచి 2.65 మీటర్లు. అంటే తప్పు స్పూలుకు మొదట చుట్టిన భాగంలో ఉంది. చిల్లులు కూడా టేకప్ వైపు అంచునే చిరిగాయి: కెమెరా పళ్ల చక్రం ముందుకు లాగుతోంది, వెనక ఏదో పట్టేస్తోంది.

పాడైన ఫిల్ముతో వెలుతురులో చుట్టి చూస్తే తేలింది. మొదటి చుట్లప్పుడు బల్క్ రోలుకు పట్టు లేదు, వదులుగా పడ్డాయి. పైచుట్లు బిగువుగా ఉన్నంతసేపు కదలవు. అవి అయిపోగానే లోపలివి పక్కకు జారి గరాటులా లేస్తాయి, 1.5 మి.మీ. దాకా. ఒక అంచు స్పూలు రేకుకు ఒరుసుకుని నున్నగా మెరుస్తోంది. ఇదే కారణమని నా అంచనా.

మిగతాదంతా బాగుంది: ఫ్రేముల మధ్య ఎడం సమానం, గీతలు లేవు.

ఐదో లోడుకు మొదటి చుట్టు నుంచే బల్క్ రోలు మీద నూలు గ్లవుజు వేలు ఆనించాలి. పది మీటర్లకు మూడు నిమిషాలు, అంతకన్నా వేగం వద్దు. పొడిగాలిలో గబగబా తిప్పితే స్టాటిక్ విద్యుత్తుకు నెగటివ్ మీద మెరుపు తీగల్లాంటి గీతలు పడతాయి. మోటారుకు ఆల్కలైన్ పెన్సిల్ సెల్లు పదీ కలిపి 15 వోల్టులు. రీచార్జబుల్‌వి పెడితే 12. అప్పుడు ఫిల్ము పట్టేసినా మోటారు చింపకుండా ఆగుతుందేమో చూడాలి. డెవలపింగుకు 1.6 మీటర్ల ముక్కలు ఆరు, కోత పడ్డచోట ఒక్కో ఫ్రేము పోతుంది.

750 ఫ్రేముల ఎంఎఫ్-2 మీద కన్నుంది కానీ, పది మీటర్లే చుట్టలేనప్పుడు ముప్పై మీటర్ల మాట ఇప్పుడొద్దు.