ఈసా చదవని ఉత్తరం

ఫ్రెంచి రచయిత ఫ్రాంస్వా మోరియాక్ 1932లో రాసిన ‘పాముల ముడి’ నవలను ఇంగ్లీషు అనువాదంలో నిన్న రాత్రి పూర్తి చేశాను. బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటల మధ్య, గుండెజబ్బుతో మంచం పట్టిన లూయీ అనే వృద్ధ న్యాయవాది, తన మరణం తరువాత ఇనప్పెట్టె తెరిచే భార్య ఈసా కంట పడాలని, దాదాపు నలభై ఏళ్ల పగనంతా ఒక ఉత్తరంగా రాయడం మొదలుపెడతాడు.

పెళ్లయిన కొత్తలో ఒక రాత్రి ఆమె, తనకు తప్పిపోయిన పాత సంబంధం గురించి మనసు విప్పి చెప్పుకుంది. ఆమె తనను ఇష్టపడి చేసుకోలేదని, గత్యంతరం లేక చేసుకుందని అతనికి ఆ క్షణాన తోచింది. పోట్లాట కూడా జరగలేదు. మౌనం మాత్రం మొదలైంది.

చదువుతున్నంతసేపూ మా బంధువుల ఇంట్లోని ఒక పెద్దావిడ గుర్తుకొచ్చారు. నాలుగడుగుల దూరంలో కూర్చున్న భర్తను చూడకుండా, “ఆయనకు మజ్జిగ కావాలేమో కనుక్కో” అని నాతో అనేవారు. చిన్నతనంలో అది నాకు మామూలు విషయంగానే అనిపించేది.

ఈసా అతనికంటే ముందే చనిపోతుంది. ఆమె గది నిప్పుగూట్లో మిగిలిన సగం కాలిన కాగితాల ముక్కలను ఏరి చదివినప్పుడు, ఆమె కూడా తనవల్ల ఎంత వేదన పడిందో అతనికి తెలుస్తుంది. ఆ పుట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చివరికి అతని కలం కూడా ఒక మాట మధ్యలోనే ఆగిపోతుంది.