ఎయిర్‌బ్రష్ చేతికి అలవాటయ్యేదాకా

నెల్లూరు వేదాయపాళెంలో ఇంట్లోనే కేకులు చేసి ఆర్డర్ల మీద ఇస్తుంటాను. పైపింగ్ బ్యాగుతో పూలూ బార్డర్లూ బాగానే వచ్చేవి. ఒక రంగు మెల్లగా ఇంకో రంగులో కలిసిపోయే షేడ్ మాత్రం నైఫ్‌తో ఎంత లాగినా నాకు తృప్తిగా ఉండేది కాదు. మైపాడు బీచ్ లాంటి కేకు కావాలని అడిగేవాళ్లకి ఒడ్డున లేత ఆకుపచ్చ, లోపలికి పోయేకొద్దీ ముదురు నీలం చూపించాలి. అందుకే ఎయిర్‌బ్రష్ కొన్నాను. కంప్రెసర్ అనే చిన్న మిషన్ నుంచి గొట్టంలో వచ్చే గాలితో రంగుని సన్నటి తుంపరగా చిమ్మే పెన్ను లాంటి పరికరం అది.

నాది డ్యూయల్ యాక్షన్ రకం. ట్రిగ్గర్ కిందికి నొక్కితే గాలి, అలాగే నొక్కి ఉంచి వెనక్కి లాగితే రంగు. రెండూ ఒక్క చూపుడువేలితోనే చెయ్యాలి. వీడియోలు ఎన్ని చూసినా వేలికి ఎక్కలేదు. నేర్పింది మా బాబాయి. ఆయన కార్లకి పెయింటింగ్ చేస్తాడు. బ్రష్ మీద రంగు పోసే చిన్న కప్పులో మంచినీళ్లు పోయించి, గోడకి పాత పేపర్ అంటించి పక్కన నిలబడ్డాడు.

"ముందు గాలి వదలమ్మాయ్, తర్వాతే రంగు. ఆపేటప్పుడు రంగు ముందు ఆగాల, గాలి తర్వాత ఆగాల. డోరు మీద మొదలుపెట్టబాకు. డోరు బయట మొదలుపెట్టి, డోరు దాటినాక ఆపు. చెయ్యి నిలబడిందా, అక్కడ మచ్చ పడద్ది."

ఆ మాట ఎంత విలువైనదో రంగు పోశాక తెలిసింది. గాలి ముందు ఆగిపోతే బ్రష్ లోపలుండే సూది చివర కాస్త రంగు మిగిలిపోతుంది. మళ్లీ నొక్కగానే అదే చుక్కలుగా చిమ్ముతుంది. తెల్ల క్రీమ్ మీద పడ్డ చుక్కని తుడవలేం, గీకి మళ్లీ క్రీమ్ వెయ్యాల్సిందే. అందుకని పేపర్ మీద చుక్కలు, సన్న గీతలు, షేడ్లు వేలు దానంతటదే కదిలేదాకా వేశాను. ఆ తర్వాత స్టీలు పళ్లెం బోర్లించి, దాని మీద విప్పింగ్ క్రీమ్ రాసి సాధన చేశాను.

క్రీమ్ దగ్గర అసలు కష్టం మన ఉక్కపోత. ఫ్రిజ్‌లోంచి తీసిన కేకు మీద నిమిషాల్లో చెమ్మ పడుతుంది. ఆ తడి మీద రంగు కొడితే జారి చారలు కడుతుంది. ఫ్యాన్ వేద్దామంటే రంగు తుంపరంతా ఇల్లంతా ఎగురుతుంది. ఏసీ గదిలో, ఒక పక్క కోసిన పెద్ద అట్టపెట్టెలో టర్న్‌టేబుల్ పెట్టుకుని, మూతికి మాస్క్ కట్టుకుని చేస్తాను. గాలి ప్రెషర్ 15 నుంచి 20 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) మధ్య, బ్రష్ కేకుకి జానెడు దూరంలో. దగ్గరికి పోతే గాలికి రంగు సాలీడు కాళ్లలా పాకుతుంది. ఒకేసారి ముదురు రంగు కోసం ఆశపడకూడదు. పల్చగా ఒక పూత, కాసేపు ఫ్రిజ్‌లో, మళ్లీ ఇంకో పూత. అలల కోసం కాగితాన్ని చేత్తో వంకరగా చింపి, క్రీమ్‌కి తగలకుండా కాస్త పైన పట్టుకుని అంచు వెంబడి కొడతాను. కాగితం కిందికి జరుపుతూ పోతే అల మీద అల వస్తుంది. ఇది నాకు ఎంత ఇష్టమో!

వర్షాకాలంలో కంప్రెసర్ గొట్టంలో నీరు చేరి రంగుతో కలిసి పడుతుంది, కాబట్టి తేమని పట్టే ఫిల్టర్ పెట్టించుకోండి. జెల్ రంగులు చిక్కగా ఉండి నాజిల్‌ని, అంటే రంగు బయటికొచ్చే మూతి రంధ్రాన్ని, మూసేస్తాయి. ఎయిర్‌బ్రష్ కోసమే అమ్మే, తినడానికి పనికొచ్చే రంగులే తీసుకోండి. బండ్లకి వాడిన గన్ను ఎంత కడిగినా తిండి మీద వాడొద్దు, ఈ మాట బాబాయే గట్టిగా చెప్పాడు.

రంగు మార్చిన ప్రతిసారీ కప్పులో నీళ్లు పోసి, రంగులేని నీళ్లు వచ్చేదాకా కొట్టాలి. పని అయ్యాక సూదిని వెనకనుంచి మెల్లగా లాగి తుడవాలి. దాని మొన కాస్త వంగినా తుంపర పక్కకి పోతుంది. మెరుపు రంగులకి 0.2 ఎంఎం నాజిల్ ఊరికే అడ్డుపడుతుంది, వాటికి నేను 0.4 వాడుతున్నాను.