మళ్లీ ఆ మెషీన్ ఎక్కాను

"మేడం, చెప్పులు తీసి ఎక్కండి" అంది సిస్టర్. చెప్పులే కాదు, వాచీ కూడా తీసేశాను. బరువు 89.4 కిలోలు.

రెండేళ్ల కింద ఇదే సూర్యారావుపేట ఆసుపత్రిలో, ఇదే మెషీన్ మీద 76 చూసి, మెట్ల మీదే నిలబడి అమ్మకు ఫోన్ చేసి సంతోషంతో ఏడ్చాను.

బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే స్లీవ్ సర్జరీ అయి నాలుగేళ్లు. పొట్టలో ముప్పావు వంతుకు పైగా తీసేశారు, మొదట్లో ఒక్క ఇడ్లీ కూడా పూర్తయ్యేది కాదు. ఇప్పటికీ పళ్లెం నిండా తినలేను. కానీ చక్కెర టీ, పిల్లలు వదిలేసిన జంతికలు, రాత్రి రెండు బిస్కెట్లు, ఇవన్నీ సులువుగా దిగిపోతాయి. పడుకుంటే గుండెల్లో మంట, రెండు దిండ్లు లేనిదే నిద్ర లేదు. అరికాళ్లలో తిమ్మిర్లు కూడా మొదలయ్యాయి, బి12 బాగా తగ్గిందట. బాగానే ఉన్నాను కదా అని మాత్రలు మానేసింది నేనే.

మొన్న పెళ్లిలో పిన్ని అందరి ముందూ "అంత డబ్బు పోసి కోయించుకుని మళ్లీ ఇదేంటే" అంది. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

డాక్టరు గారు మాత్రం తిట్టలేదు. "మిగిలిన పొట్ట కొంత సాగుతుందమ్మా, ఆకలీ తిరిగొస్తుంది, ఇదంతా మీ తప్పే అనుకోకండి" అన్నారు. ఆ ఒక్క మాటకే కళ్లల్లో నీళ్లొచ్చేశాయి.

బి12 ఇంజెక్షన్ ఇచ్చారు, సోమవారం ఎండోస్కోపీ. ఇంటికొచ్చి ముందు గుడ్డు తిన్నాను, తర్వాతే అన్నం. చెయ్యి ఇంకా సలుపుతోంది.