కాల్చిన చెక్క మీద కొండపల్లి రంగులు

మా పాప తెలుగు క్లాసుకి వెళ్తుంది, అక్షరాలూ గుణింతాలూ అన్నీ వచ్చు, కానీ ఎదురుగా కూర్చోబెట్టి "ఏదీ, తెలుగులో చెప్పు" అంటే నోరు పెగలదు. అదే ఇద్దరం ఒక చెక్క పలక ముందేసుకుని రంగులు వేస్తుంటే గంటసేపు ఆపకుండా మాట్లాడుతుంది. ఇద్దరి చూపూ చెక్క మీదే ఉంటుంది కదా, పరీక్ష పెడుతున్నారన్న టెన్షన్ ఉండదు. బయటి దేశంలో పిల్లల్ని పెంచేవాళ్లు ఎవరు అడిగినా అందుకే నేను ఒకటే చెప్తాను, చేతులతో చేసే పని ఏదో ఒకటి పిల్లలతో కలిసి మొదలుపెట్టండి. మాకు కుదిరింది వుడ్ బర్నింగ్, అంటే వేడి కొన ఉన్న పెన్నుతో చెక్క మీద బొమ్మ కాల్చి గీయడం, ఆ తర్వాత ఆయిల్ పెన్సిళ్లతో రంగులు నింపడం.

మేముండేది విస్కాన్సిన్‌లో. ఇక్కడ బాస్‌వుడ్ చెట్లు బాగా పెరుగుతాయి, ఆ పలకలు క్రాఫ్ట్ షాపుల్లో సులభంగా దొరుకుతాయి. తేలిగ్గా, మెత్తగా, చారలు పెద్దగా లేకుండా ఉండే ఆ చెక్కని పట్టుకుంటే నాకు కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి గుర్తొస్తుంది. మా అమ్మవాళ్లది విజయవాడ, కొండపల్లి ఎంతో దూరం కాదు, మా చిన్నప్పుడు సంక్రాంతి బొమ్మల కొలువులో సగం అక్కడి బొమ్మలే. అందుకని మేమూ ఆ బొమ్మలతోనే మొదలుపెట్టాం. పాప ఎంచుకున్నది తాటిచెట్టు ఎక్కుతున్న కల్లుగీత మనిషి.

గీస్తూ గీస్తూ "అమ్మా, ఆయన కింద పడిపోడా? ఆ తాడేంటి?" అని అడిగింది. మోకు అని చెప్పాను, అది చెట్టు చుట్టూ తిప్పి నడుముకి ఎలా ఆనించుకుంటారో మాత్రం నాకు సరిగ్గా చెప్పడం రాలేదు. వెంటనే అమ్మమ్మకి ఫోన్. అక్కడి నుంచి ముంజలు, తేగలు, తాటాకు విసనకర్రలు, ఎండాకాలం కబుర్లు, మా అమ్మ ఇంకా చెప్తూనే ఉంది, ఇది ఒక చేత్తో తాటి మట్టలకి ఆకుపచ్చ వేస్తూ ఇంకో చేత్తో ఫోన్ సర్దుకుంటూ అడుగుతూనే ఉంది. తెలుగులోనే, మధ్యలో నేను మాట అందించకుండానే.

పని సంగతికొస్తే, కాల్చడం మొత్తం ముందే అయిపోవాలి. రంగు వేశాక దాని మీద పెన్ను పెడితే ఆ రంగు కాలి పొగ వస్తుంది, అది పీల్చకూడదు. పెన్ను కొన కొన్నింటిలో 400 డిగ్రీల సెల్సియస్ కూడా దాటుతుంది, అందుకే మా చిన్నవాడికి ఎనిమిదేళ్లు కాబట్టి పెన్ను ముట్టనివ్వం, వాడికి రంగులు మాత్రమే. చెక్కని 220 నంబరు శాండ్‌పేపర్‌తో నున్నగా రుద్దాలి. నీళ్ల రంగులు చెక్క చారల వెంట పాకిపోతాయి, మైనం ఎక్కువున్న పెన్సిళ్లు దట్టంగా వేస్తే కొన్నాళ్లకి పైన తెల్లగా పొరలా తేలుతుంది, ఆయిల్ పెన్సిళ్లతో ఈ రెండు బాధలూ లేవు. మేం వాడేవి పాలిక్రోమోస్. గట్టిగా నొక్కకుండా పల్చగా పొర మీద పొర వేసుకుంటూ వెళ్లాలి. నీడలు కాల్చినప్పుడే వచ్చేసి ఉంటాయి కాబట్టి ముదురు రంగుల అవసరం పెద్దగా రాదు, గోధుమ రంగు కాలిన చోట పసుపు వేస్తే తేనె రంగు దానంతటదే వస్తుంది. తెల్లగా ఉండాల్సిన చోటు మాత్రం కాల్చకుండా వదిలేయాలి, కాలిన చోట తెల్ల పెన్సిల్ ఎంత రుద్దినా తెల్లబడదు.

తర్వాత కృష్ణుడిని చేశాం. లేత నీలం వేసి వీడియో కాల్‌లో చూపిస్తే మా అమ్మ "ఏంటే, పసుపు పూసి మీద నీలం వేసినట్టున్నారు, ఆకుపచ్చగా ఉన్నాడు" అంది. నాకు అర్థం కాలేదు. పాప పలకని లైటు కిందకి తీసుకెళ్లి చూసి "అమ్మమ్మా, చెక్కే పసుపు! పసుపు, నీలం కలిస్తే గ్రీన్ కదా" అంది. స్కూల్లో ఆర్ట్ క్లాసులో నేర్చుకున్నది అమ్మమ్మకి తెలుగులో వివరించింది, ఆ పూట నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇంకో పలక తీసుకుని ముందు తెల్ల పెన్సిల్ పల్చగా వేసి దాని మీద నీలం వేసింది, చక్కగా నీలంగానే వచ్చింది.

చివర్లో వార్నిష్ స్ప్రేనే కొట్టాలి, బ్రష్‌తో పూస్తే రంగు ఈడ్చుకుపోతుంది. మాకున్న ఇబ్బంది ఏంటంటే ఆ స్ప్రేకి 10 డిగ్రీలైనా వేడి ఉండాలి, ఇంట్లో కొట్టలేం, సంక్రాంతి నాటికి మా గరాజ్ గడ్డ కట్టి ఉంటుంది. అందుకని కొలువు బొమ్మలు మాకు దసరా లోపే తయారైపోవాలి. ఈసారి అంబారీ ఏనుగు మొదలుపెట్టాం. ఏనుగు మీద ఎర్రటి కార్డినల్ పిట్ట ఉండాల్సిందేనని చిన్నవాడి పట్టు, చలికాలమంతా మా పెరట్లో కనిపించే పిట్ట అదే మరి. వాడికి కావాల్సినంత ఎరుపు ఇంకా రావట్లేదు, నారింజ కింద వేసి పైన ఎరుపు వేసి చూద్దాం అంటోంది పాప.