టిఫిన్ డబ్బా మూతలో రబ్బరు

బైబిల్లో కొలొస్సయులకు పౌలు రాసిన ఉత్తరంలోని 3:23 వచనం మన ఇళ్ళల్లో ఎక్కువగా వినబడేది పిల్లలు పని ఎగ్గొట్టినప్పుడే. ఏం చేసినా ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చెయ్యాలని లేదా, అని నిలదీస్తాం. అలా వాక్యం కంఠతా వస్తుంది గానీ పని రాదు. పిల్లల మనసు కుంగేలా వాళ్ళకి కోపం తెప్పించొద్దని తండ్రులకి చెప్పిన మాట రెండు వచనాల ముందే, 21లో ఉంది. దాన్ని మాత్రం ఎవరూ కంఠతా పట్టించరు. మధ్యలో 22 ఇంకా పదునైనది. మనుషుల కంటికి కనబడాలని పని చెయ్యొద్దంటుంది. కాబట్టి పిల్లలకి మొదట అప్పగించాల్సింది ఎవరూ చూడని మూల ఒకటైనా ఉన్న పని.

స్కూలు టిఫిన్ డబ్బా అందుకు సరిగ్గా సరిపోతుంది. ఏడెనిమిదేళ్ళ పిల్లలు చెయ్యగలరు. ఇంటికి రాగానే డబ్బా తెరిచి, మిగిలింది తడి చెత్తలో వేసి, నీళ్ళు పోసి ఓ పది నిమిషాలు నాననివ్వాలి. తర్వాత మూతలోని రబ్బరు చుట్టుని చెంచా వెనకవైపుతో పైకి లేపి తియ్యాలి. చాకుతో తీస్తే రబ్బరు తెగి, మర్నాడు సాంబారు పుస్తకాల మీదికి కారుతుంది. పాత టూత్‌బ్రష్ మీద రెండు చుక్కల లిక్విడ్ వేసి ముందు రబ్బరుని, తర్వాత అది కూర్చునే గాడిని తోమాలి. గాడిని వదిలేస్తే పనంతా వృథా, వాసన వచ్చేది అక్కణ్ణించే. కడిగాక మూత, రబ్బరు రాత్రంతా విడివిడిగా ఆరాలి, పొద్దున బిగించుకోవాలి. తడి మీదే బిగిస్తే నల్ల మచ్చలు పడతాయి. బెంగళూరు వానాకాలంలో సింకు పక్కన పెడితే ఆరదు, కిటికీ దగ్గర పెట్టించండి. శుక్రవారం డబ్బా బ్యాగులోనే ఉండిపోతే సోమవారం దాని సంగతి చెప్పక్కర్లేదు. శుక్రవారం ఒక్కరోజు గుర్తు చెయ్యడంలో తప్పులేదు.

తెల్ల రబ్బరుకి అంటిన పసుపు రంగు మురికి కాదు, ఎంత తోమినా పోదు. దానికోసం పిల్లని తిట్టకండి.

"శుభ్రంగా కడుగు" అంటే పిల్లలకి ఏమీ అర్థం కాదు. పని ఎక్కడ ముగుస్తుందో చెప్పాలి: "వేలితో తడిమితే జిడ్డు తగలకూడదు నాన్నా." మొదటిరోజు మీరు చేస్తూ చూపించండి. తర్వాత రెండు మూడు రోజులు పక్కపక్కనే చెయ్యండి, ఆ తర్వాత చేతులు కట్టుకుని చూడండి, చివరికి గదిలోంచి వెళ్ళిపోండి. మనలో చాలామంది మొదటిరోజు నుంచి నేరుగా చివరికి దూకేసి, పిల్లలకి బాధ్యత లేదంటాం. పని బాగా కుదరకపోతే మొత్తం మళ్ళీ చేయించొద్దు, ఆ గాడి ఒక్కటే తిరిగివ్వండి. పిల్లల కళ్ళముందే మీరు లాక్కుని మళ్ళీ కడగడం అన్నిటికంటే చెడ్డది. వాళ్ళు చేసినా చెయ్యకపోయినా ఒకటేనని ఆ క్షణంలో వాళ్ళకి తెలిసిపోతుంది.

కాస్త పెద్దవాళ్ళకి, అంటే పదేళ్ళు దాటినవాళ్ళకి, చెత్త. బెంగళూరులో రెండు డబ్బాలు, ఒక సంచి పద్ధతిని 2015లో హైకోర్టు తప్పనిసరి చేసింది: తడి చెత్తకి ఆకుపచ్చ డబ్బా, డైపర్లు, గాయాలకి కట్టిన బ్యాండేజీల వంటివాటికి ఎర్ర డబ్బా, పొడి చెత్తకి సంచి. చాలా అపార్ట్‌మెంట్లలో ఈ పద్ధతి పాలప్యాకెట్ దగ్గర దెబ్బతింటుంది. మూల పూర్తిగా కత్తిరిస్తే ఆ చిన్న ముక్క కూరగాయ తొక్కల్లో కలిసి ఎరువులోకి పోతుంది, మళ్ళీ ఎవరూ ఏరలేరు. మూలని కవరుకే వేలాడేలా సగం కత్తిరించడం నేర్పండి. ఖాళీ కవరులో కాసిని నీళ్ళు పోసి ఆడించి, ఆ నీళ్ళు మొక్కకి పోసి, కవరు ఆరాకే సంచిలో వెయ్యాలి. కడగకుండా వేస్తే రెండోరోజుకే పులిసిన కంపు, చీమలు. ఆ సంచిని అవతల ఒక మనిషి చేత్తో విప్పి వేరు చేస్తారు. పగిలిన గాజు మాత్రం పెద్దవాళ్ళే కాగితంలో చుట్టి, తీసుకెళ్ళేవాళ్ళకి చెప్పి ఇవ్వాలి.

ప్రార్థన ఇక్కడ పెట్టండి, అదీ ఒక్క వాక్యమే: "ప్రభువా, ఈ సంచి విప్పే అక్క చేతుల్ని కాపాడు." అంత ప్రార్థించాక కడగని కవరు వెయ్యడం పిల్లలకే ఇబ్బందిగా ఉంటుంది. "దేవుడు చూస్తున్నాడు" అని బెదిరిస్తే ఆ ఇబ్బంది పుట్టదు, దేవుడు సీసీ కెమెరా అయిపోతాడు.

స్టార్ల చార్టు అలవాటు పడేదాకా ఓ రెండు మూడు వారాలు ఉంచండి, తర్వాత గోడ మీంచి తీసెయ్యండి. స్టారు కోసం చేసేది కంటికి కనబడే పనే కదా. ఇంటి పనికి డబ్బులివ్వడం నాకు నచ్చదు, కారు కడగడం లాంటి అదనపు పనికి ఇస్తే సరే. అబ్బాయిల్ని అంట్ల దగ్గర్నుంచి తప్పించే మన పద్ధతికి లేఖనాల్లో ఆధారం ఎక్కడుందో చూపిస్తే సంతోషిస్తాను. పనమ్మాయి వచ్చే ఇళ్ళల్లో కూడా డబ్బా, చెత్త ఆవిడకి వదలకుండా పిల్లలవే అని ఉంచండి.

"మనస్ఫూర్తిగా" అన్నారు గనక మొహం నవ్వుతూ ఉండాలని కొందరు పట్టుబడతారు. మత్తయి సువార్త 21లో యేసు చెప్పిన ఇద్దరు కొడుకుల ఉపమానం చూడండి. తండ్రి ఇద్దర్నీ ద్రాక్షతోటలో పనికి వెళ్ళమన్నాడు. పోనన్నవాడు మనసు మార్చుకుని ద్రాక్షతోటకి వెళ్ళాడు. పోతానన్నవాడు వెళ్ళలేదు. తండ్రి ఇష్టప్రకారం చేసింది మొదటివాడేనని విన్నవాళ్ళే ఒప్పుకున్నారు. సణుగుతూ లేచినవాణ్ణి సణుగుడు గురించి అప్పుడే పట్టుకోకండి, పని అవ్వనివ్వండి. రాత్రి పడుకునేముందు అడగొచ్చు, ఎందుకు కష్టమనిపించిందని. తరచూ కారణం మనసు కాదు, హోంవర్కు మధ్యలో మనం పిలవడం. ఐదు నిమిషాల ముందు చెప్పి ఉంచితే సగం సణుగుడు ఉండదు.

ఆదివారం తెలుగు ఆరాధన అయ్యాక ప్లాస్టిక్ కుర్చీలు సర్దడం కూడా పిల్లలకి మంచి పనే. ముందు పొడిగుడ్డతో తుడవాలి, లేకపోతే ఒక కుర్చీ దుమ్ము పైదాని అడుగుకి అంటుకుంటుంది. పదేళ్ళవాళ్ళకి ఒక దొంతరలో ఆరు చాలు, అంతకు మించితే కుర్చీని తలకంటే పైకెత్తాల్సి వస్తుంది, జారి మీద పడుతుంది. అందరూ బిర్యానీ వైపు వెళ్ళాక చెయ్యనివ్వండి. పాస్టరుగారి చేత స్టేజీ మీద మెచ్చుకోలు మాత్రం చెప్పించకండి.