జనవరి గుంట

జూన్ 8, ఆదివారం. పొద్దున్నే నాలుగింటికి లేచి చెన్నైలో మా తిరువాన్మియూర్ నుంచి బండేసుకుని గాలం వెయ్యడానికి బెసంట్ నగర్ బీచ్‌కి పోయా. ఎరకి తెచ్చిన రొయ్యలు ఫ్రిజ్‌లో పాల పక్కన పెట్టినందుకు మా ఆవిడతో గొడవ రాత్రే అయిపోయింది కాబట్టి ప్రశాంతంగానే బయల్దేరా.

ఈ నెల్లో తెల్లవారుజామున గాలి పడమర నుంచి వస్తది, అంటే మన వీపు వెనక నుంచి, కాస్టింగ్‌కి, అదే గాలం విసరడానికి, ఇంతకంటే సుఖం లేదు, ఊరికే అలా విసిరితే సీసం గుండు పోయి ఎక్కడో దూరాన పడుద్ది. అదే నవంబర్, డిసెంబర్‌లో అయితే ఈశాన్యపు గాలి మొహాన కొడతా ఉంటది, నీళ్ళన్నీ మడ్డి, దారానికి చెత్త చుట్టుకుని వస్తది. ఇప్పుడు కూడా ఎండెక్కి సముద్రం గాలి తిరిగిందంటే మూట కట్టుకోవాల్సిందే.

నాకో చోటుంది. నోట్‌బుక్‌లో రాసుకున్నా కూడా, ష్మిట్ స్మారకం నుంచి వేళాంకణ్ణి చర్చి వైపు రెండొందల అడుగులు అని. జనవరిలో అక్కడ నీళ్ళ అడుగున ఇసక తిప్పలు రెండిటి మధ్య మంచి గుంట ఉండేది, ఒక్క పొద్దుటే పదకొండు కిళంగా చేపలు పడ్డాయి, ఆ లెక్క ఆఫీసులో ఎంతమందికి చెప్పానో. ఇవాళ అదే చోట రెండు గంటలు నిలబడితే ఒక్క జెల్ల పడింది. గాలం తీస్తుంటే దాని ముల్లు బొటనవేల్లో దిగింది, అమ్మా అని అరిచా, నిజంగానే.

ఆ అరుపు విని తెలుగోడివా అంటూ ఒక పెద్దాయన వచ్చాడు. శ్రీకాకుళం జిల్లా భావనపాడు ఆయనది, ఇక్కడ కాసిమేడు చేపల రేవులో బోటు మీద పని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు పెద్ద బోట్లకి వేట నిషేధం కదా, తోటోళ్ళంతా ఊరెళ్ళిపోతే ఈయన కూతురి కాన్పని ఇక్కడే ఉండిపోయాడట. నన్ను టీ కొట్టుకి తీసుకెళ్ళి గ్లాసులో వేడినీళ్ళు పోయించి వేలు ముంచమన్నాడు, ఓర్చుకోగలిగినంత వేడి ఉండాలంట, పావుగంటకి సలుపు తగ్గింది.

"ఒక్క కాడే ఎందుకు నిలబడిపోనావు బావూ?" అనడిగాడు. జనవరి సంగతి చెప్పా, నోట్‌బుక్ కూడా చూపించా. నవ్వాడు.

"అప్పుడు నీరు ఉత్తరం నుంచి దిగతాది, ఇప్పుడు దచ్చినం నుంచి ఎక్కతాది. నీరుతో పాటే ఇసకా ఎల్లిపోతాది. నీ గుంట తిప్పయిపోనాది."

ఇక్కడి తమిళోళ్ళు దక్షిణపు నీటిని తెండి అని, ఉత్తరపు నీటిని వన్ని అని అంటారట. నాలుగేళ్ళ నుంచి వస్తున్నా, చేపలకి సీజన్ ఉంటదని తెలుసుగానీ నేలకి కూడా ఉంటదని నాకు తట్టనే లేదు. అసలు మెరీనా అంత వెడల్పుగా ఉండేది కూడా ఇందుకే కదా, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో హార్బర్ కట్టాక దక్షిణం నుంచి వచ్చే ఇసక గోడకి అడ్డంపడి ఇవతలే పోగైంది, అవతల రాయపురం వైపు ఒడ్డుని సముద్రం తినేసింది. ఇది నేనెప్పుడో చదివా, జనాలకి చెప్పా కూడా, నా గుంట దాకా వచ్చేసరికి మాత్రం బుర్ర పనిచెయ్యలేదు.

"అల తెల్లగా ఇరగని కాడ సూడు, నల్లగా ఉంటాది" అన్నాడు. చూస్తే ఇంకో వంద అడుగుల అవతల నిజంగానే ఒక సందు, రెండు పక్కలా నురగ, మధ్యలో మాత్రం నల్లగా నీళ్ళు. కట్టు కట్టిన వేలితో విసిరితే సరిగ్గా పడలేదు, ఆయనే తీసుకుని విసిరాడు. మూడు కిళంగాలు, జానెడేసి. ఏడున్నరకల్లా అయిపోయింది, సముద్రం పోటు కూడా తగ్గింది.

దారిలో జాలర్ల కుప్పం దగ్గర చేపలావిడని వంజరం రేటడిగా, కిలో పన్నెండొందలంది, నిషేధం అయ్యేదాకా ఇంతేనంట. మూడు చేపలకి మసాలా ఎక్కువైందని మా ఆవిడ అంది, తినడం మాత్రం రెండు తనే తినేసింది.

ఎల్లుండో ఆ మర్నాడో ఏరువాక పున్నమి. రైతులకి అదెట్టాగో కాసిమేడులో పద్నాలుగో తారీకు అర్ధరాత్రి అట్టా, ఐస్, డీజిల్ ఎక్కించుకుని అన్ని బోట్లూ ఒక్కసారే కదుల్తాయి. పెద్దాయన కూడా పోతాడు, వారం దాకా ఒడ్డుకి రాడంట. నోట్‌బుక్‌లో రెండొందల అడుగులు కొట్టేశా గానీ దాని పక్కన ఏం రాయాలో అర్థం కాలా. వచ్చే ఆదివారం ఆ నల్లనీళ్ళు నేనే వెతుక్కోవాలి.