వేల ఫోటోల తేదీలు పవర్‌షెల్‌తో సరిచేసిన నా అనుభవం

మా ఇంటి ఫోటోలన్నీ ఒక 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. చెల్లి పెళ్ళివి, చచ్చిపోయిన పాత ల్యాప్‌టాప్ నుంచి రికవరీ చేయించినవి, చుట్టాల దగ్గర్నుంచి వాట్సాప్‌లో వచ్చినవి, ఎప్పుడో డీవీడీల నుంచి ఎక్కించినవి, అన్నీ కలిపి వేలల్లో. వీటిని ఏ ఏడాదివి ఆ ఏడాదిగా సర్ది పెట్టమని అమ్మ అడిగింది. తేదీ ప్రకారం పేర్చి చూస్తే రికవరీ చేసినవన్నీ ఒకే రోజు తీసినట్టున్నాయి, చెల్లి పెళ్ళిలోనేమో తలంబ్రాలు ముందు, తెర పట్టడం తర్వాత, మధ్యలో ఎవరో టిఫిన్ తింటున్నారు. కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే క్రియేటెడ్, మాడిఫైడ్ తేదీలు కనిపిస్తాయి గానీ మార్చనివ్వదు. ఒక్కోటీ మార్చనిచ్చినా వేల ఫోటోలకి ఆ పని ఎవరు చేస్తారు. అందుకని విండోస్‌తోనే వచ్చే, కమాండ్లు టైపు చేసి పనులు చేయించే పవర్‌షెల్ తెరిచాను. నేను ప్రోగ్రామర్ని కాదు, ఆఫీసులో ఎక్సెల్ ఫార్ములాల వరకే నా ప్రతాపం. (కమాండ్ల పేర్లు కూడా ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, టైపు చేసేటప్పుడు మాత్రం మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.)

ముందు తెలుసుకోవాల్సింది, ఫోటోకి తేదీ అంటే ఒక్కటి కాదు. ఫైల్ సిస్టమ్ పెట్టుకునేవి క్రియేటెడ్, మాడిఫైడ్, యాక్సెస్డ్ అని మూడు. వీటితో సంబంధం లేకుండా కెమెరా ఫోటో లోపలే రాసేది ఇంకోటి, దాన్నే డేట్ టేకెన్ అంటారు, ఎక్సిఫ్ సమాచారంలో ఉంటుంది. విండోస్‌లో ఫైలు కాపీ చేస్తే కొత్త కాపీకి క్రియేటెడ్ అంటే కాపీ చేసిన సమయం, మాడిఫైడ్ మాత్రం పాతదే వస్తుంది. అందుకే ఫైలు పుట్టకముందే మార్చినట్టు విచిత్రంగా కనిపిస్తుంది, అందులో తప్పేం లేదు. రికవరీ చేసినవాటికి పాత పేర్లూ పోయాయి, ఫైల్ సిస్టమ్ తేదీలూ పోయాయి, కానీ లోపలి ఎక్సిఫ్ చాలావాటికి భద్రంగానే ఉంది. వాట్సాప్‌వాటికి సరిగ్గా రివర్సు: లోపలి ఎక్సిఫ్‌ని వాట్సాప్ తీసేస్తుంది, పేరులో మాత్రం ఐఎంజీ తర్వాత 20190512 అని ఏడాది, నెల, రోజు వరసగా ఉంటాయి. అంటే ఏ గుంపుకి ఏ తేదీని నమ్మాలో ముందే తేల్చుకోవాలి, అసలు పని అదే. స్క్రిప్ట్, అంటే కమాండ్లు వరసగా రాసిపెట్టిన ఫైలు, రాయడం దాని ముందు ఎంత.

మొదటి అడ్డంకి స్క్రిప్ట్ నడవకపోవడం. విండోస్ 10, 11 లాంటి మామూలు డెస్క్‌టాప్‌లలో ఎగ్జిక్యూషన్ పాలసీ డిఫాల్ట్‌గా రిస్ట్రిక్టెడ్, అంటే కమాండ్లు ఒక్కోటీ కొట్టొచ్చు గానీ స్క్రిప్ట్ ఫైలు నడవనివ్వదు. వెతికితే అందరూ అడ్మిన్‌గా తెరిచి అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టేయమంటారు. అక్కర్లేదు. సెట్-ఎగ్జిక్యూషన్‌పాలసీకి స్కోప్ ప్రాసెస్ అని ఇస్తే ఆ ఒక్క విండో తెరిచి ఉన్నంతసేపే వర్తిస్తుంది, మూసేస్తే కంప్యూటర్ ఎప్పటిలాగే ఉంటుంది. ఒక సెట్టింగ్ ఎంతసేపు కావాలో అంతసేపే మార్చడం నాకు నచ్చిన పద్ధతి, మిగతావాటికీ వీలైనంత వరకు అదే పాటించాను.

రెండోది తెలుగు. మా ఫోల్డర్ల పేర్లు సగం తెలుగులోనే ఉన్నాయి, "లక్ష్మి పెళ్ళి", "తిరుపతి ప్రయాణం" అని. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1, స్క్రిప్ట్ ఫైలు మొదట్లో బీఓఎం అనే గుర్తు లేకపోతే దాన్ని యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని లిపులూ పట్టే ఎన్‌కోడింగ్, అంటే అక్షరాల్ని దాచే పద్ధతి) అనుకోదు, తెలుగు పట్టని పాత ఆన్సీ కోడ్ పేజీగా చదువుతుంది. దాంతో స్క్రిప్ట్‌లో నేను తెలుగులో రాసిన ఫోల్డర్ పేరు దానికి నెత్తిన టోపీలు పెట్టుకున్న పిచ్చి అక్షరాల్లా వెళ్ళింది, "ఆ పాత్ లేదు" అంది. నోట్‌ప్యాడ్‌లో సేవ్ యాజ్ కొట్టి, ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 విత్ బీఓఎం ఎంచుకుంటే పోయింది. పవర్‌షెల్ 7 వేసుకుంటే ఈ గొడవే లేదు, అది బీఓఎం లేకపోయినా యూటీఎఫ్-8గానే చదువుతుంది. నేను 5.1 తోనే కానిచ్చాను, ఎందుకంటే రేపు నాన్న కంప్యూటర్లో నడపాలన్నా అది ఎలాగూ ఉంటుంది. ఇంకో సంగతి, పాత నల్ల విండోలో తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తే కంగారు పడొద్దు, అది ఫాంట్ సమస్య, పేరు లోపల బాగానే ఉంటుంది.

ఇక పొడవు గొడవ. విండోస్‌లో ఫైలు పూర్తి పాత్, అంటే డ్రైవ్ నుంచి ఫోల్డర్ల మీదుగా ఫైలు పేరు దాకా ఉండే చిరునామా, 260 అక్షరాలు దాటకూడదని పాత పరిమితి ఉంది. ఇంగ్లీషు పేర్లకి అది చాలా ఎక్కువే, తెలుగుకి కాదు. లక్ష్మి అనేది మన కంటికి రెండక్షరాలు, కంప్యూటర్‌కి ఏడు: ల, క, పొల్లు, ష, మళ్ళీ పొల్లు, మ, గుడి. ఇలాంటి పేర్లతో ఫోల్డర్‌లో ఫోల్డర్, అందులో ఇంకో ఫోల్డర్ పెట్టుకుంటూ పోయాం కాబట్టి కొన్ని ఫోటోల దగ్గరికి వెళ్ళడానికే కుదర్లేదు. విండోస్ 10లో 1607 వెర్షన్ నుంచి దీనికి రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే చోటు) ఒక స్విచ్ ఉంది, లాంగ్‌పాత్స్‌ఎనేబుల్డ్ అని, హెచ్‌కేఎల్‌ఎమ్ కింద సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, ఫైల్‌సిస్టమ్ దాకా వెళ్తే కనిపిస్తుంది. అడ్మిన్‌గా తెరిచిన పవర్‌షెల్‌లో సెట్-ఐటెమ్‌ప్రాపర్టీతో దాని విలువ 1 చేయాలి. తమాషా ఏంటంటే ఫైలుకి రీడ్-ఓన్లీ (చదవనిచ్చి మార్చనివ్వని) గుర్తు తీయడానికీ రిజిస్ట్రీ విలువ మార్చడానికీ అదే కమాండ్, పవర్‌షెల్‌కి రిజిస్ట్రీ కూడా ఒక డ్రైవ్ లాగే కనిపిస్తుంది. మార్చేముందు రెగ్ ఎక్స్‌పోర్ట్‌తో ఆ కీని ఒక ఫైలులోకి తీసి పెట్టుకున్నాను. అయితే ఈ స్విచ్ ఒక్కటే వేస్తే చాలదు, వాడే ప్రోగ్రామ్ కూడా పొడవు పాత్‌లకి సిద్ధంగా ఉండాలి. ఎక్స్‌ప్లోరర్ మొండికేస్తూనే ఉంది, చివరికి బాగా లోతుగా ఉన్న ఫోల్డర్లని పైకి తెచ్చేశాను, అదే తేలిక.

రీడ్-ఓన్లీ గురించి. డీవీడీల నుంచి ఎక్కించిన ఫోటోలకి ఆ గుర్తు ఉండిపోయింది, 5.1లో అలాంటి ఫైలుకి తేదీ మార్చబోతే యాక్సెస్ డినైడ్ అంటుంది. ఎట్రిబ్ కమాండ్‌కి మైనస్ ఆర్, స్లాష్ ఎస్ ఇస్తే కింద ఉన్న ఫైళ్ళన్నిటికీ ఒక్క దెబ్బకి పోతుంది. డాస్ కాలం నాటి కమాండ్, ఇప్పటికీ దానంత సూటిగా ఏదీ లేదు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో రీడ్-ఓన్లీ దగ్గర చిన్న నల్ల చతురస్రం ఉంటుంది చూడండి, దాన్ని తీసేసినా మళ్ళీ వస్తోందని మా వాడొకడు తెగ టెన్షన్ పడ్డాడు. ఫోల్డర్ల విషయంలో ఆ గుర్తు లోపలికి రాయనివ్వకపోవడానికి కాదు, ఆ ఫోల్డర్‌కి ప్రత్యేకమైన బొమ్మో అమరికో ఉందని ఎక్స్‌ప్లోరర్ చూసుకోవడానికి. వదిలేయండి.

వాట్సాప్ ఫోటోల పని అన్నిటికంటే సులువుగా అయింది. గెట్-చైల్డ్ఐటెమ్‌కి రికర్స్ ఇచ్చి ఫైళ్ళన్నీ తీసుకోవడం, పేరులోంచి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల వరసని వెతికే నమూనా) ఆ ఎనిమిది అంకెలు పట్టుకోవడం, వాటిని తేదీగా మార్చి లాస్ట్‌రైట్‌టైమ్‌కీ (మాడిఫైడ్) క్రియేషన్‌టైమ్‌కీ (క్రియేటెడ్) రాయడం. కానీ వెంటనే రాయలేదు. వాట్‌ఇఫ్ పెడితే ఏం జరుగుతుందో చెప్పి ఊరుకుంటుంది కదా అనుకుంటాం, అది సెట్-ఐటెమ్‌ప్రాపర్టీ లాంటి కమాండ్లకే పనిచేస్తుంది. ఫైలు ప్రాపర్టీకి ఈక్వల్స్ గుర్తుతో నేరుగా విలువ ఇస్తే వాట్‌ఇఫ్ అక్కడికి రాదు, నిజంగానే మార్చేస్తుంది. అందుకని మొదటిసారి నడిపిన స్క్రిప్ట్‌లో మార్చే లైనే లేదు, ఫైలు పేరు, ఉన్న తేదీ, రాబోయే తేదీ మూడూ ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీతో ఒక జాబితాగా తీసి ఎక్సెల్‌లో చూసుకున్నాను. ఇక్కడ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 అని చెప్పకపోతే 5.1లో తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, గుర్తుంచుకోండి. ఎక్సెల్ చేతికొచ్చాక నా రాజ్యమే. ఫిల్టర్ పెడితే 2088, 1970 లాంటి ఏడాదులు రెండు నిమిషాల్లో బయటపడ్డాయి, అవి వాట్సాప్‌వి కావు, ఏవో స్క్రీన్‌షాట్‌ల పేర్లలోని అంకెలు. వాటిని పక్కన పెట్టి, అప్పుడు అసలు స్క్రిప్ట్ నడిపాను.

ఎక్సిఫ్ ఉన్న ఫోటోలకి మొదట పవర్‌షెల్‌తోనే డేట్ టేకెన్ చదవబోయాను. ఎక్స్‌ప్లోరర్ వాడే విండోస్ షెల్ ద్వారా తీస్తే తేదీ వస్తుంది, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, తేదీగా మార్చమంటే మాత్రం కుదరదంటుంది. అంకెల మధ్య కంటికి కనపడని గుర్తులు, ఎడమ నుంచి కుడికి రాయమని చెప్పేవి, ఇరుక్కుని ఉంటాయి. వాటిని ఏరి పారేయొచ్చు గానీ అంతకంటే ఎక్సిఫ్‌టూల్ వాడటం నయం. ఫిల్ హార్వీ రాసిన ఉచిత ప్రోగ్రామ్, కమాండ్ లైన్‌లోనే నడుస్తుంది, ఫోటో లోపలి తేదీని తీసి ఫైలు మాడిఫైడ్ తేదీగా పెట్టడం ఒక్క లైను పని. తెలుగు పేర్లున్నచోట క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8 అని దానికి విడిగా చెప్పాలి. రికవరీ ఫోటోలన్నీ దాంతో గాడిలో పడ్డాయి.

అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది చెల్లి పెళ్ళి. ఫిబ్రవరిలో తెనాలిలో, ముహూర్తం తెల్లవారుజామున 4 గంటల 12 నిమిషాలకు. ఫోటోలు తీసింది స్టూడియో వాళ్ళ కెమెరా, మా ఫోన్లు, డాలస్ నుంచి వచ్చిన మా పెద్దమ్మ కొడుకు కెమెరా. ఫోన్లు నెట్‌వర్క్ నుంచి టైమ్ తీసుకుంటాయి కాబట్టి వాటితో పేచీ లేదు. అన్నయ్య కెమెరా మాత్రం అమెరికా టైమ్‌లోనే ఉండిపోయింది, అందుకే జీలకర్ర-బెల్లం ముందురోజు సాయంత్రమే అయిపోయినట్టు చూపిస్తోంది. ఎంత కలపాలి? ఫిబ్రవరిలో డాలస్‌కీ మనకీ తేడా పదకొండున్నర గంటలు, ఎండాకాలంలో వాళ్ళు గడియారాలు గంట ముందుకు జరుపుతారు కాబట్టి పదిన్నర. పెళ్ళి ఫిబ్రవరి గనుక పదకొండున్నర కలిపేస్తే సరి అనిపిస్తుంది, కానీ కెమెరా గడియారం తనంతట తాను జరగదు కదా. అన్నయ్యకి ఫోన్ చేశాను.

"అన్నయ్యా, ఆ కెమెరాలో టైమ్ ఎప్పుడు పెట్టావ్?"

"ఏమోరా, కొన్నప్పుడు పెట్టుంటాను. జూలైలోనో ఎప్పుడో కొన్నా. అయినా ఇప్పుడెందుకురా అది?"

జూలై అంటే పదిన్నర. సరిచూసుకోవడానికి పెళ్ళి కార్డు ఉండనే ఉంది. మా పంతులుగారు నిమిషం అటూ ఇటూ కానివ్వరు, వాచీ చూసుకుని మరీ తలల మీద జీలకర్ర-బెల్లం పెట్టించారు. అన్నయ్య తీసిన ఆ ఫోటోలో ముందురోజు సాయంత్రం 5 గంటల 42 నిమిషాలని ఉంది, దానికి పదిన్నర కలిపితే అచ్చంగా 4:12. స్టూడియో కెమెరాలో అదే ఘట్టం 4:19 అని ఉంది, అంటే అది ఏడు నిమిషాలు ముందుంది. ఇలా ఏదో ఒక సంఘటన, సమయం కచ్చితంగా తెలిసినది, అన్ని కెమెరాల్లోనూ ఉంటే తేడా లెక్క తేలిపోతుంది. మన పెళ్ళిళ్ళలో అది కార్డు మీదే అచ్చు వేసి ఇస్తారు.

ఎక్సిఫ్‌టూల్‌లో ఆల్‌డేట్స్ ప్లస్ ఈక్వల్స్ 10:30 అని ఇస్తే లోపలి తేదీలకి పదిన్నర గంటలు కలుపుతుంది, కెమెరా మోడల్ ఫలానా అయితేనే అని షరతు కూడా పెట్టాను. స్టూడియోవాటికి మైనస్ 0:07. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పేరులోంచి తేదీ తీసి పెట్టే స్క్రిప్ట్‌ని ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే, కానీ కలిపే కమాండ్ రెండోసారి నడిపితే ఇంకో పదిన్నర కలుపుతుంది. అందుకే ఎక్సిఫ్‌టూల్ ప్రతి ఫోటోకీ ఒరిజినల్ అనే తోకతో దాచే పాత కాపీని అన్నీ సరిచూసుకునే వరకు చెరపలేదు. తేడా కొడితే రిస్టోర్ ఒరిజినల్ అనే ఆప్షన్‌తో వెనక్కి వెళ్ళొచ్చు. డిస్క్‌లో చోటు రెట్టింపు పడుతుంది, పట్టనీ.

ఈ పనులు రాత్రంతా నడుస్తాయి గనుక కంప్యూటర్ మధ్యలో నిద్రపోకుండా పవర్‌సీఎఫ్‌జీ అనే కమాండ్‌తో స్టాండ్‌బై టైమ్‌ఔట్ 0 చేశాను, స్క్రిప్ట్ చివరి లైనులో మళ్ళీ 30 నిమిషాలు పెట్టించాను. పొద్దున లేచి చూస్తే పెళ్ళి వరసలో ఉంది: తెర, జీలకర్ర-బెల్లం, తాళి, తలంబ్రాలు, టిఫిన్లు, అప్పగింతలు. తర్వాత విండోస్‌లోని రోబోకాపీ అనే కాపీ కమాండ్‌తో ఇంకో డిస్క్‌లోకి నకలు తీశాను, అది ఫైళ్ళ మాడిఫైడ్ తేదీలతో పాటు క్రియేటెడ్ తేదీలు కూడా ఉన్నవి ఉన్నట్టు తీసుకెళ్తుంది. ఫోల్డర్ల తేదీలూ అలాగే రావాలంటే దాని డీకాపీ అనే ఆప్షన్‌కి టీ ఇవ్వాలి.

మిగిలినవి స్కాన్ చేసిన పాత ప్రింట్లు. తాతయ్య పెళ్ళి 1968. విండోస్ వాడే ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ 1601 నుంచి తేదీలు పెట్టుకోగలదు కాబట్టి డిస్క్ మీద ఆ ఏడాది రాయడం కుదిరింది. టీవీకి పెట్టి చూద్దామని తీసిన పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైల్ సిస్టమ్ మాత్రం ఎక్స్‌ఫ్యాట్, దానికి కాలం మొదలయ్యేదే 1980లో, అంతకు ముందు తేదీ ఫైలుకి పెట్టలేం. ఎక్సిఫ్‌లో తేదీ అంటే ఉత్త టెక్స్టే, 1968 అయినా 1948 అయినా దానికి ఒకటే. అందుకని ఈ ఫోటోలకి ఎక్సిఫ్‌టూల్‌తో లోపలే రాస్తున్నాను. నెల, రోజు తెలియనివాటికి జనవరి 1 అని పెడుతున్నాను, అమ్మకి ఇంకేమైనా గుర్తొస్తే మారుస్తాను.